ప్రార్థన శాసనమైన తీరు

లోకములో కొన్ని సూక్తులకు గల ప్రచారము వాని యర్థమునకు లేదు. నాలుగు మాటలు నోట నిలిచిన చాలును. అవి యెవరు పలికిరి, ఏ సందర్భమున పలికిరి, వానికి ముందు వెనుకల నేమున్నది అని విచారించువారు తక్కువ. అట్టివానిలో మన పిల్లలందఱును బడిలో విని పెరిగినది యొకటి కలదు. “ఆరోగ్యవంతమైన శరీరములోనే ఆరోగ్యవంతమైన మనస్సు ఉండును” అను వాక్యమును మన బ్రహ్మపురములో గాని, శ్రీకాకుళములో గాని, తెలుగువారున్న మఱి యే యూరిలో గాని వినని బాలుడుండడు. పాఠశాలల గోడలమీద, వ్యాయామశాలల ద్వారములమీద, ఆటల పోటీలకు విచ్చేసిన పెద్దల యుపన్యాసములలో, బలవర్ధకపు మందుల ప్రకటనలలో కూడ ఇది కానవచ్చును. వేదవాక్యమువలె చెల్లుచున్నది. దీని మూలము లాటిను భాషలోనిదని కొందఱెఱుగుదురు. ఆ మూలములో ఇది పూర్తి వాక్యము కాదనియు, వాక్యములోని తునక మాత్రమే యనియు ఎఱిగినవారు అరుదు. తునకకు ముందున్న మాటను తిరిగి దానికి చేర్చినయెడల అర్థమే మాఱిపోవును. ఆ సంగతిని, ఆ సూక్తిని తప్పుగా నమ్ముటవలన మా యింట జరిగిన యొక కష్టమును పాఠకుల ముందుంచుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మూలములోని మాటలు ఐదు: ‘మెన్స్ సానా ఇన్ కోర్పొరే సానో’. మాకు లాటిను రాదు. మెట్రిక్‌తో చదువు చాలించి, గుమాస్తాగా బ్రతుకు గడపినవారము. ఉద్యోగవిరమణానంతరము ఆంగ్లానువాదములను, నిఘంటువును ముందుంచుకొని ఈ మాటలను కూడబలుకుకొంటిమి. ‘మెన్స్’ అనగా మనస్సు, బుద్ధి. ఈ మాటయు, మన ‘మతి’ శబ్దమును ఒకే ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ‘సానా’ అనగా స్వస్థమైనది. ‘ఇన్’ అనగా లోపల. ‘కోర్పొరే’ అనగా శరీరమునందు. ‘సానో’ అనునదియు ‘సానా’యే, శరీరమునకు విశేషణమై రూపు మార్చుకొన్నది. అన్నియు కలిపినచో “స్వస్థమైన శరీరమునందు స్వస్థమైన మనస్సు” అగును. ఇంతే. ఇందు క్రియ లేదు. ఉన్నదనియు లేదు, ఉండుననియు లేదు, ఉండవలెననియు లేదు. క్రియ లేని మాటలు కాడి కట్టని యెడ్లవంటివి. ఎవరి బండికి వారు కట్టుకొని తోలుకొని పోవచ్చును. జరిగినదియు అదియే.

ఈ మాటలు పలికినవాడు జువెనాల్ అను రోమను కవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దము చివరను, రెండవ శతాబ్దము మొదటను జీవించినవాడు. లోకపు తీరును ఎత్తిపొడుచుచు ఆయన వ్రాసిన అధిక్షేప కావ్యములు 16 మనకు దక్కినవి. వానిలో పదవది మనుష్యుల కోరికలను గూర్చినది. ఆంగ్ల పండితుడు శామ్యూల్ జాన్సన్ 1749లో దీని ననుసరించియే మానవుల కోరికల వ్యర్థతను గూర్చి యొక కావ్యమును వ్రాసెను.

ఆ కావ్యములో జువెనాల్ మనుష్యులు దేవతలను కోరు వరములను ఒక్కొక్కటిగా తీసికొని పరీక్షించును. అధికారము కోరెదవా? సెజానస్ గతి చూడుము. టిబీరియస్ చక్రవర్తి కొలువులో సర్వాధికారము చలాయించినవాడు క్రీ.శ. 31లో ఒక్క దినములో కూలిపోయెను. అతని కంచు విగ్రహములను కరగించి చెంబులును, పెనములును చేసిరట. వాక్చాతుర్యము కోరెదవా? సిసిరో ప్రాణములను తీసినది అదియే. డెమోస్తనీస్ గతియు అంతే. యుద్ధములో కీర్తి కోరెదవా? రోమును గడగడలాడించిన హానిబల్ చితాభస్మమును త్రాసులో పెట్టి, ఎన్ని పౌనులు తూగునో చూడుము. దీర్ఘాయువు కోరెదవా? పండ్లూడి, చెవులు వినబడక, కన్నబిడ్డల చావు కన్నులార చూచుటయే దాని ఫలము. సౌందర్యము కోరెదవా? అది తెచ్చు ఆపదలకు లెక్క లేదు. రోమను ప్రజలకు రొట్టెయు వినోదమును ఉన్న చాలునని ఆయన ఎత్తిపొడిచిన ప్రసిద్ధమైన మాట కూడ ఈ కావ్యములోనిదే.

ఇట్లన్నిటిని త్రోసివేసి, అయినచో మేమేమి కోరవలెనని యడుగువానికి చివర సమాధానము చెప్పెను. మనకేది హితమో దేవతలకు మనకన్న బాగుగా తెలియును గనుక వారికే విడిచిపెట్టుట మేలు. అట్లుగాక గుడికి పోయి, నైవేద్యము పెట్టి, ఏదో యొకటి యడిగితీరవలెనని యున్నచో స్వస్థమైన శరీరమునందు స్వస్థమైన మనస్సు కలుగునట్లు ప్రార్థింపవలెను. ఆ నైవేద్యమును గూడ ఆయన పరిహాసముగనే వర్ణించెను. ‘ప్రార్థింపవలెను’ అనునదియే వాక్యమునకు ప్రధానమైన క్రియ. దానిని విడిచిపెట్టి తక్కిన యైదు మాటలను లోకము పట్టుకొన్నది.

జువెనాల్ అంతటితో ఆగలేదు. మృత్యుభయము లేని గుండెను అడుగుమనెను. ఎంతటి శ్రమకైనను ఓర్చునట్టి, కోపమెఱుగనట్టి, దేనికిని ఆశపడనట్టి మనస్సును అడుగుమనెను. సర్దనపలుసు రాజు విందులకన్న, పట్టుపఱుపులకన్న హెర్క్యులీసు పడిన కష్టములే మేలని యెంచు బుద్ధిని అడుగుమనెను. తుదకు, ఇవన్నియు నీకు నీవే యిచ్చుకొనదగినవని ముగించెను. పాఠకులు గమనింతురు గాక: ఈ పట్టికలో శరీరమునకు వచ్చినది ఒక్క మాట. తక్కినదంతయు మనస్సును గూర్చినదే. ఆ తక్కిన దానిని ఏ గోడమీదను వ్రాయించినవారు లేరు.

మేము ముప్పదియేండ్లకు పైగా కచేరీలో అర్జీలను, ఉత్తరువులను, నకళ్ళను చూచినవారము. అర్జీ యనగా అడుగుట, ఉత్తరువనగా నిర్ణయించుట. రెండింటిలోను మాటలు ఒక్కటిగానే యుండవచ్చును. “అర్జీదారునకు భూమి ఇప్పింపవలెనని ప్రార్థన” అని యొకడు వ్రాసికొన్నాడనుకొందము. నకలు తీయు గుమాస్తా చివరి మాటను విడిచిపెట్టి, “అర్జీదారునకు భూమి ఇప్పింపవలెను” అని వ్రాసి ముద్ర వేసినచో ఏమగును? అడిగినది ఇచ్చినట్లగును. అట్టి గుమాస్తా యుద్యోగము ఒక్కనాడు నిలువదు. జువెనాల్ మాటకు లోకము తీసిన నకలు సరిగా ఇట్టిదే. అతడు వ్రాసినది అర్జీ. మన గోడలమీద నున్నది ఉత్తరువు.

తెలుగులో మఱియొక చేర్పు కూడ జరిగినది. “శరీరములో” అని యూరకొనక “శరీరములోనే” అంటిమి. అవధారణార్థకమైన ఆ ‘ఏ’కారము మూలములో లేదు. హిందీవారును ‘మేఁ హీ’ యని యిట్లే చేర్చుకొనిరి. ఈ ఒక్క యక్షరముతో ‘మఱియొకచోట ఉండదు’ అను నిషేధము వచ్చి చేరినది. ఇక క్రియ చూడుడు. “ఉండును” అంటిమి. అది నీరు పల్లమునకు పాఱును, నిప్పు కాల్చును అనునట్లు ప్రకృతి ధర్మమును చెప్పు మాట. ప్రార్థనకు మన భాషలో వేఱుగా రూపమున్నది: “ఉండుగాక”. పెండ్లిపందిటిలో, పురిటింటిలో, గుడిముందఱ మన పెద్దలు నిత్యము వాడునదే. కవి హృదయమునకు సరిపోవు మాట మన నోటనే యుండగా దానిని కాదని మఱియొకటి యెన్నుకొంటిమి.

ఈ కత్తిరింపు ఒక్కనాట జరిగినది కాదు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1693లో విద్యను గూర్చి ప్రకటించిన గ్రంథమును ఈ సూక్తితోనే ఆరంభించెను. ఈ రెండును గలవాడు లోకములో కోరదగినదానిని దాదాపుగా పొందినవాడే యని ఆయన తాత్పర్యము. లాక్ వైద్యము చదివినవాడు. తాను ఉబ్బసముతో చిరకాలము బాధపడినవాడు. స్వస్థమైన శరీరము లేనివానికి స్వస్థమైన బుద్ధి యుండదన్నచో ఆ గ్రంథమే పుట్టియుండదు. పందొమ్మిదవ శతాబ్దములో ఆంగ్లదేశపు పాఠశాలలలో ఆటలకు ప్రాముఖ్యము పెరిగినకొలది ఈ సూక్తి పుస్తకములనుండి మైదానములకు దిగెను. 1862లో లివర్‌పూల్ నగరమున క్రీడోత్సవము జరిపిన జాన్ హల్లీ దీనిని ప్రచారము చేసినవారిలో నొకడు. ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరించిన ఫ్రెంచి దేశీయుడు కూబర్తెన్‌కు మాత్రము ఇది వైద్యుని సలహావలె చప్పగా తోచెను. కండలు తిరిగిన శరీరములో ఉత్సాహముతో మండు మనస్సు అను అర్థము వచ్చునట్లు ఆయన వేఱొక లాటిను సూక్తిని కూర్చెను. జపానులో 1949లో స్థాపింపబడిన యొక పాదరక్షల సంస్థ 1977లో ‘ఆసిక్స్’ అను పేరు పెట్టుకొన్నది. ‘మెన్స్’కు బదులుగా ప్రాణము, ఆత్మ అను అర్థముగల ‘ఆనిమా’ అను మాటను చేర్చి, ఆ యైదు మాటల మొదటి యక్షరములను తీసి కూర్చిన పేరు అది. నేడు తెల్లవాఱుజామున పరుగులు తీయు యువకులలో కొందఱు, తమకు తెలియకయే, జువెనాల్ మాటను కాళ్ళకు తొడుగుకొని పోవుచున్నారు.

మన దేశమునకు డ్రిల్లును, దానితోడి సూక్తులును ఆంగ్లవిద్య వెంట వచ్చినవి. 1920లో హ్యారీ క్రో బక్ మదరాసులో వ్యాయామోపాధ్యాయుల శిక్షణకై కళాశాలను స్థాపించెను. మా గంజాము ప్రాంతము 1936లో ఒడిస్సా రాష్ట్రమేర్పడువఱకు మదరాసు పాలనలోనిదే గనుక మా బడుల యలవాటులన్నియు అటనుండి వచ్చినవే.

వ్యాయామమును మేము తక్కువ చేయుచున్నామని యెవరును తలపవలదు. శరీరమునకును, మనస్సునకును గాఢమైన సంబంధము కలదని నేటి వైద్యులును చెప్పుచున్నారు. నడకయు, మితమైన శ్రమయు, నిద్రయు మనస్సునకు తేలికదనమిచ్చునన్నది అనుభవసిద్ధము. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి దేహబలమును తలచుకొనని తెలుగువాడుండడు. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణము ఆయన పేరనే యున్నది. మా బ్రహ్మపురము బిడ్డ కాటూలు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో బరువులెత్తి స్వర్ణపతకము తెచ్చినపుడు ఊరంతయు పొంగిపోయినది. ఇవి గర్వింపదగిన విషయములే.

మన పూర్వులును శరీరమును ఉపేక్షింపలేదు. ధర్మసాధనములలో శరీరమే మొదటిదని కాళిదాసు కుమారసంభవములో చెప్పించెను. అక్కడి సందర్భమును చూడవలెను. కఠోరమైన తపస్సు చేయుచున్న పార్వతి యెదుటికి శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చి, నీ శక్తికి మించి తపస్సు చేయుట లేదు గదా యని కుశలమడుగుచు పలికిన మాట అది. దుర్బలుని నిందించుటకు పలికినది కాదు; అలసిన ప్రాణిని ఆదరించుటకు పలికినది. చరకసంహిత శరీరమును, మనస్సును రెండింటిని వ్యాధులకు ఆశ్రయములుగ ప్రక్కప్రక్కన పేర్కొన్నది. మన భాషలోని ‘ఆధివ్యాధులు’ అను జంటపదమును చూడుడు. ఆధి మనస్సునకు వచ్చిన బాధ. వ్యాధి శరీరమునకు వచ్చిన బాధ. రెండును ఇరుగుపొరుగు గాని, ఒకటి మఱియొకదానిలో అద్దెకున్నది కాదు. ఇంత తెలివి మన మాటలలోనే యుండగా గోడమీది తునకను నమ్మి నడచితిమి.

నమ్మినందువలన నష్టమేమి, మంచిమాటయే గదా యని కొందఱనవచ్చును. నష్టము రెండు తీరులుగా కలుగుచున్నది. శరీరములో లోపమున్నవానికి మనస్సులోను లోపమున్నదని శంకించుట ఒకటి. శరీరము బలిసినవానికి మనోవ్యాధి రాదని నిశ్చయించుట రెండవది. రెండింటిని మేము కన్నులార చూచితిమి.

మాతో చదివిన యొక బాలునకు పసితనమున పోలియో సోకి యొక కాలు సన్నగిలినది. డ్రిల్లు జరుగునపుడు అతడు గోడవార కూర్చుండి మా యందఱి చెప్పులకు కాపలా యుండెడివాడు. ఆ గోడమీద, సరిగా అతని తలమీదుగా, ఈ సూక్తి ఎఱ్ఱ రంగుతో వ్రాసియుండెను. అతడు మహామేధావి యని మేము చెప్పబోము, మావంటివాడే. లెక్కలలో మాకు వచ్చిన మార్కులే అతనికిని వచ్చెడివి. తన తలమీది వాక్యము ప్రకారము మాత్రము అతనికి స్వస్థమైన మనస్సు ఉండుటకు వీలు లేదు. ఒకనాడు అతడు మమ్ము చూచి, “ఈ గోడ వ్రాసినవాడు నన్ను చూడలేదు” అని నవ్వెను. పదమూడేండ్ల బాలుని నోట వచ్చిన ఆ మాటకన్న సరియైన వ్యాఖ్యానమును మేము నేటివఱకు చదువలేదు. మన దేశములో పోలియో చివరిసారి కనబడినది 2011లో. 2014లో దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. వ్యాధి పోయినది. గోడలమీది వాక్యము పోలేదు.

రెండవది మా యింటనే జరిగినది. మా పెదతండ్రిగారి రెండవ కుమారుని మేము చిన్నన్నయ్య యని పిలిచెడివారము. ఇరువదిరెండేండ్లవాడు, తాలింఖానాలో అతనికి సాటి లేడు. రోజుకు మున్నూఱు బస్కీలు తీసి, గదలు త్రిప్పి, తడిసిన మేనితో వీధిలో నడచివచ్చుచుండగా అరుగులమీది పెద్దలు కన్నార్పక చూచెడివారు. 1972లో అతనికి నిద్ర తప్పెను. వీధిలోనివారు తన్ను గూర్చియే మాటలాడుకొనుచున్నారనెను. కిటికీలు మూయించెను. అన్నములో ఏదో కలిపిరని కంచము త్రోసివేసెను. మాకప్పుడు పదమూడేండ్లు.

ఇంటికి వచ్చిన పెద్దలందఱును ఒక్క మాటయే చెప్పిరి: ఇంత దేహమున్నవానికి మనోవ్యాధి యేమిటి? ఇది సోమరితనము, పనికి పోవుట ఇష్టము లేక చేయుచున్న నటన. వస్తాదుగారు మఱి నూఱు బస్కీలు తీయింపుడనెను. చదువుకొన్నవారొకరు ఈ సూక్తినే వల్లించి, ఉక్కువంటి శరీరములో పిచ్చి యెట్లు ప్రవేశించునని తీర్పు చెప్పిరి. చిన్నన్నయ్య బస్కీలు తీసెను. చెప్పినన్ని తీసెను; చెప్పినదానికన్న ఎక్కువ తీసెను. నిద్ర రాలేదు. కుదిరిన సంబంధము తప్పిపోయెను. వచ్చిన యుద్యోగము చేజాఱెను. రెండేండ్లిట్లు గడచెను.

ఆ యింటిలోనే మా మేనత్తగారుండిరి. కీళ్ళవాతముచేత ఏడెనిమిదేండ్లనుండి మంచము దిగలేని మనిషి. వ్రేళ్ళు వంకరపోయి గ్లాసును రెండు అఱచేతులతో ఒత్తిపట్టుకొని త్రాగెడివారు. ఆమె మంచము వసారాలో నుండెను. రాత్రులు చిన్నన్నయ్య నడవాలో అటునిటు తిరుగుచుండగా ఆమె మేలుకొని అడుగులు లెక్కపెట్టెడివారు. ఒకనాడు అన్నదమ్ములందఱిని పిలిపించి ఆమె యిట్లనిరి: “నొప్పిచేత నాకు నిద్ర లేదు. వానికిని నొప్పిచేతనే నిద్ర లేదు. నా నొప్పి మీకు కనబడును, వానిది కనబడదు. అంతే తేడా. వానిని వైద్యునికి చూపింపుడు.” ఆమె మాటకు ఎదురాడుట మా యింట లేదు. చిన్నన్నయ్యను విశాఖపట్టణము తీసికొనిపోయి మనోవ్యాధుల వైద్యునికి చూపిరి. ఇది జ్వరమువంటి వ్యాధియే, మందున్నది, విడువక వాడవలెను అని ఆయన చెప్పెను. మందు పనిచేసెను. పూర్వపు ఉత్సాహము పూర్తిగా తిరిగిరాలేదు గాని చిన్నన్నయ్యకు నిద్ర వచ్చెను, శంకలు తగ్గెను. పిదప ఒక పట్టువస్త్రముల దుకాణములో లెక్కలు వ్రాయుచు ముప్పదియేండ్లు గౌరవముగ జీవించెను. పోయిన రెండేండ్లను మాత్రము ఎవరును తిరిగి తెచ్చియియ్యలేకపోయిరి.

ఆనాడు మా యింట స్వస్థమైన మనస్సు ఎవరిదో పాఠకులే నిర్ణయింపగలరు. మంచము దిగలేని మేనత్తగారి శరీరములో అది యుండెను. ఇంటిలోకెల్ల దృఢమైన శరీరములో అది లేకపోయెను. ‘లోనే’ అను మాట నిజమైనచో ఈ రెండును జరుగరాదు.

కాలము కొంత మాఱినది. 1912 నాటి శాసనము పేరులోనే పిచ్చివాండ్రను గూర్చినదని యుండెను. 1987లో దాని స్థానమున మానసిక ఆరోగ్య శాసనము వచ్చినది. 2017లో చేసి 2018లో అమలునకు తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ శాసనము మఱింత ముందుకు పోయి, మనోవ్యాధిగలవారిని శరీరవ్యాధిగలవారితో సమానముగ చూడవలెనని 21వ విభాగములో స్పష్టముగ చెప్పినది. శరీరవ్యాధికి ఏ ప్రాతిపదికమీద బీమా యిత్తురో మనోవ్యాధికిని ఆ ప్రాతిపదికమీదనే ఇయ్యవలెనని కూడ అందే కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల శాసనము అంతకుముందు 7గా నుండిన వైకల్యముల సంఖ్యను 21కి పెంచినది. మనోవ్యాధియు వానిలో చేరియున్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ‘టెలి మానస్’ అను దూరవాణి సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోను మాటలాడవచ్చును. జీవితమంతయు శాసనముల సంఖ్యలతో కుస్తీపట్టిన గుమాస్తా చాదస్తమని యనుకొన్నను సరే, ఈ సంఖ్యలు మా చిన్నన్నయ్య కాలమున లేవు గనుక పనిగట్టుకొని వ్రాయుచున్నాము.

శాసనము మాఱినను నాలుక మాఱుటకు కాలము పట్టును. నేడు వీధివీధికి జిమ్ములు వెలసినవి. మన కుఱ్ఱవాండ్రు అద్దముల ముందు కండలు పెంచుచున్నారు, సంతోషమే. వారిలో ఎవడైన ఒకడు నిద్ర పట్టుట లేదనియు, బ్రతుకుమీద విసుగు కలుగుచున్నదనియు చెప్పినపుడు, “నీకేమిరా, గుండ్రాయివలె నున్నావు” అని భుజము తట్టి పంపువారే ఎక్కువ. తట్టినవాడు చెడ్డవాడు కాడు. చిన్ననాట బడిగోడమీద చదివినదానిని ఒప్పజెప్పుచున్నాడు.

మావంటి వృద్ధుల మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. అరువది దాటిన పిదప స్వస్థమైన శరీరమను మాట వినుటకే నవ్వు వచ్చును. మోకాలొకటి, చక్కెర యొకటి, రక్తపుపోటు ఒకటి. జువెనాల్ వృద్ధాప్యమును వర్ణించిన పద్యములను చదువునపుడు మా వీధి యరుగుమీద కూర్చున్న మిత్రులందఱును వరుసగా కన్నులకు కట్టిరి. ఆయన చెప్పినది శాసనమే యైనచో మేమందఱము స్వస్థమైన మనస్సునకు అనర్హులమైనట్లే. అది ప్రార్థన గనుకనే మాకును అందు చోటున్నది. శరీరమిచ్చినంత ఇచ్చును, ఇయ్యనిది ఇయ్యదు. భయము లేమి, కోపము లేమి, ఆశ తగ్గుట అనువానిని మాత్రము మాకు మేమే యిచ్చుకొనవచ్చునని కవి చెప్పిన తుదిమాట ఆరోగ్యవంతునికన్న రోగికే ఎక్కువ పనికివచ్చును. మా మేనత్తగారు జువెనాల్ పేరు వినియుండలేదు. ఆయన చెప్పిన పట్టికలోని వానిలో చాల వఱకు ఆమెయొద్ద నుండెను.

ప్రార్థనకును శాసనమునకును గల భేదము వ్యాకరణముతో ముగియునది కాదు. ప్రార్థించువాడు తనకు లేనిదానిని అడుగును; ఇతరులకును లేకపోవచ్చునని యెఱుగును; కనుక అతనికి జాలి కలుగును. శాసనము చెప్పువాడు ఉన్నవారిని ఒక ప్రక్కను, లేనివారిని ఒక ప్రక్కను నిలబెట్టును. ఒక్క క్రియ జాఱిపోయినందువలన జాలికి చిహ్నమైన మాట తీర్పునకు సాధనమైనది.

మన సంఘమువారు ఏటేట పిల్లలకు ఆటల పోటీలు పెట్టి బహుమతులిచ్చుచున్నారు. అందు ఈ సూక్తిని వాడవలదని మేము కోరము. అది గొప్ప మాట. రమారమి పందొమ్మిది వందల యేండ్లు బ్రతికియున్న మాట. దానికి దాని క్రియను తిరిగి యిచ్చి వాడుడని మాత్రమే మా మనవి. “స్వస్థమైన శరీరమునందు స్వస్థమైన మనస్సు ఉండుగాక” అని వ్రాయింపుడు. ‘ఏ’కారమును తుడిచివేయుడు. బహుమతి నందుకొను బాలుడును, గోడవార కూర్చుండి చెప్పులకు కాపలా యున్న బాలుడును దానిని చదివి, అది తనకై పలికిన దీవెనయే యని యనుకొనగలుగవలెను. పాఠకులకును, వారి బిడ్డలకును అట్టి దీవెన ఫలించుగాక యని కోరుచు ఇంతటితో విరమించుచున్నాము.